టీకా వేసుకున్నా వచ్చింది కదా?

 

కరోనా రోజుల్లో మన సంఘం చేసిన సేవ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. ఆక్సిజన్ సిలిండర్లు, రేషన్ కిట్లు, ఖబరస్తాన్‌లో మన కుర్రాళ్లు పీపీఈ కిట్లు తొడుక్కుని చేసిన దఫన్లు, వీటి వివరమంతా నివేదికలో ఉంది. అందులో లేని ఒక పొరపాటు గురించి మేము చెప్పదలచాం. ఆ పొరపాటు మాదే, అంటే టీకా ప్రచారానికి తిరిగిన మా పదిమందిది.

2021 మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన వారందరికీ టీకా మొదలైంది. జుమా నమాజు తర్వాత మస్జిదు మైకులో చెప్పాం, ఇంటింటికీ వెళ్లి చెప్పాం. చెప్పిన మాట ఒకటే: "టీకా వేసుకోండి, కరోనా రాదు." అప్పటికి పుకార్లు చాలానే ఉన్నాయి. పిల్లలు పుట్టరన్నారు. ఏప్రిల్ 14న రంజాన్ మొదలయ్యాక సూది వేయించుకుంటే రోజా భంగమవుతుందన్నారు. కాదని ఉలమాలు చెప్పడంతో ఆ అనుమానం తొందరగానే తీరింది. హజ్‌కు వెళ్లేవారంతా మెనింజైటిస్ టీకా వేసుకునే వెళ్తారని గుర్తుచేస్తే పెద్దవాళ్లు తల ఊపారు. మమ్మల్ని దెబ్బ తీసింది పుకార్లు కాదు, మేము చెప్పిన ఆ "రాదు" అన్న మాట.

ఆ మాట మేము గాలిలోంచి పట్టుకొచ్చింది కాదు. ఏప్రిల్ 21న ఐసీఎంఆర్ ఒక లెక్క చెప్పింది. అప్పటికి కోవిషీల్డ్ రెండో డోసు తీసుకున్నవారు 1,57,32,754 మంది. వారిలో పాజిటివ్ వచ్చింది 5,014 మందికి. అంటే 10,000 మందిలో ముగ్గురికి. కోవాగ్జిన్‌లో నలుగురికి. ఆ అంకెలు చేతికి రాగానే మాకు ధైర్యం వచ్చి గొంతు ఇంకా పెంచాం. ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాళ్లం, ఒక్క ప్రశ్న వేసుకోలేదు: రెండో డోసు తీసుకుని వీళ్లకు ఎన్ని రోజులైంది? చాలామందికి కొద్ది వారాలే. ఉప్పెన అప్పుడప్పుడే లేస్తోంది. జ్వరం వచ్చిన ప్రతివాడూ పరీక్ష చేయించుకోనూలేదు. ఆ అంకె అబద్ధం కాదు గానీ, దాని మీద మేము మోపిన బరువు మోయగల అంకె కాదు.

మన పేటలో ఒక దర్జీ భాయ్ ఉన్నారు. 60 దాటినవారు. మేమే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మార్చిలో మొదటి డోసు వేయించాం. ఏప్రిల్ మూడో వారంలో ఆయనకు పాజిటివ్ వచ్చింది. పది రోజులు మంచంలో ఉన్నారు, ఆస్పత్రి దాకా పోలేదు, లేచారు. ఆ మధ్యలో ఆయన తమ్ముడి దగ్గరికి టీకా సంగతి చెప్పడానికి వెళ్తే, ఆయన గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు: "మాస్టారూ, రాదన్నారు. అన్నయ్యకు వచ్చింది కదా?"

మా దగ్గర జవాబు లేదు. ఒక్క డోసుతో పూర్తి రక్షణ ఉండదని ఏదో నసిగాం. ఆయన వినలేదు, వినాల్సిన అవసరమూ ఆయనకు కనపడలేదు. మే రెండో వారంలో ఆయన్ని ఖబరస్తాన్‌కు తీసుకెళ్లాం. టీకా వేసుకుని ఉంటే బతికేవాడని మేము అనం. ఒక్క మనిషి విషయంలో అలా ఎవరూ చెప్పలేరు. కానీ ఆ గుమ్మంలో మేము నమ్మదగిన మనుషులుగా నిలబడలేకపోయాం. అది మాత్రం మాకు తెలుసు.

ఆ తర్వాత పత్రికల్లో, టీవీల్లో, టీ కొట్ల దగ్గర అదే వాదన. "ఆస్పత్రిలో ఉన్నవాళ్లలో టీకా వేసుకున్నవాళ్లూ ఉన్నారు, మరి టీకా ఎందుకు?" అమెరికాలో ప్రావిన్స్‌టౌన్ అనే ఊళ్లో 2021 జులైలో 469 మందికి సోకితే 346 మంది రెండు డోసులూ పూర్తయినవారేనన్న వార్త మన వాళ్ల ఫోన్లలోకీ వచ్చింది. అందులో ఎవరూ చనిపోలేదన్న వాక్యం మాత్రం రాలేదు.

తమిళనాడు పోలీసుల లెక్క ఒకటి ఉంది. ఐసీఎంఆర్ వారి చెన్నై సంస్థ చేసింది. మొత్తం 1,17,524 మంది పోలీసులు. 2021 ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య వరకు కరోనాతో వారిలో 31 మంది చనిపోయారు. ఆ 31 మందిలో 11 మంది ఒక డోసో రెండు డోసులో వేసుకున్నవాళ్లే. ఈ ఒక్క ముక్క రాస్తే పెద్ద శీర్షిక అవుతుంది: మృతుల్లో మూడోవంతుకు పైగా టీకా వేసుకున్నవారే! ఇప్పుడు కింద అంకె కూడా వేద్దాం. అసలు వేసుకోనివారు 17,059 మంది, వారిలో 20 మంది పోయారు. ఒక డోసు వారు 32,792, పోయింది ఏడుగురు. రెండు డోసుల వారు 67,673, పోయింది నలుగురు. లక్షకు చూస్తే వరసగా 117, 21, 6. ఎవరూ టీకా వేసుకోక, అందరూ ఆ మొదటి వరస లెక్కనే పోయి ఉంటే 31 కాదు, దాదాపు 138 జనాజాలు.

పోలీసులందరూ ఒకే వయసు వారు కారు, కొందరికి షుగర్, బీపీ ఉంటాయి. ఆ తేడాలు ఈ అంకెల్ని అటూ ఇటూ కదిలించవచ్చు. కానీ 117కూ 6కూ మధ్య ఉన్న దూరం వాటితోనే పూడిపోయేది కాదు.

మా పిల్లలకైతే ఇలా చెబుతాం. తరగతిలో అందరూ ట్యూషన్‌కు వెళ్తుంటే, తప్పినవాళ్లంతా ట్యూషన్ వాళ్లే అవుతారు. ట్యూషన్ వల్లే తప్పారా? (ట్యూషన్ల మీద మాకున్న వేరే అభిప్రాయం ఇక్కడ వద్దు.)

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు మా స్టాఫ్ రూములో సగం మందికి సోకింది. అందరూ రెండు డోసుల వాళ్లమే. వైరస్ రూపు మార్చుకుంది. పైగా టీకాతో రక్తంలో పెరిగిన యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. ముక్కులో గొంతులో వైరస్‌ను గుమ్మం దగ్గరే ఆపే బలం ముందు పోతుంది. శత్రువును గుర్తుపెట్టుకున్న కణాలు మాత్రం లోపల ఉంటాయి, అవి కాస్త ఆలస్యంగా లేచినా ఊపిరితిత్తుల దాకా పోనివ్వకుండా పోరాడతాయి. అందుకే జలుబు, జ్వరం వచ్చాయి గానీ, మళ్లీ ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు పెట్టలేదు.

దర్జీ భాయ్ తమ్ముడు పోయిన నెలకు మన కరపత్రం మార్చాం. "కరోనా రాదు" అన్న మాట కొట్టేసి, "వచ్చినా ప్రాణం మీదికి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది" అని రాశాం. ఇంత పొడుగు మాట ఫ్లెక్సీ మీద పట్టదని ఒకరన్నారు. భయపెట్టినట్టు ఉందని ఇంకొకరన్నారు. జనం తిరగబడతారని కమిటీలో గంటసేపు మాటలయ్యాయి. చివరికి మీ చందా డబ్బుతోనే 2,000 కాపీలు అచ్చు వేశాం.

అక్టోబరులో, ఇద్దత్ గడువు తీరాక, ఆ తమ్ముడి భార్య కొడుకును వెంటబెట్టుకుని మన శిబిరానికి వచ్చింది. చేతిలో మన కరపత్రం మడత పెట్టి ఉంది. కూర్చోగానే అడిగింది: "ఇది వేసుకుంటే నాకు రాదా మాస్టారూ?"

"రావచ్చమ్మా" అన్నాం.

కాసేపు మా ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాపింది.