చంపొద్దన్న పిల్లవాడి మాట



మా మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి హాలీవుడ్ యాక్షన్ సినిమా ఏమిటని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. ఆయన నడిపిన ఫిల్మ్ క్లబ్బులో సత్యజిత్ రాయ్‌కి ఎంత చోటుందో జేమ్స్ కామెరాన్‌కీ అంతే ఉండేది. బాగా తీసిన సినిమా ఏదైనా ఆయనకు పాఠమే. అందుకే 1991 జూలై 3న అమెరికాలో విడుదలైన ‘టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే’ గురించి మాట్లాడదామని వచ్చాను. మన సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ కూడా ఆ నెలలోనే వచ్చింది. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే కథలకు అది మంచి ఏడాది.

రెండో భాగాలు సాధారణంగా మొదటి భాగం సంపాదించిన పేరు మీద బతుకుతాయి. ఈ సినిమా మాత్రం మొదటి భాగం చెప్పినదాన్ని ఒప్పుకోనంది. ముప్పై ఏళ్లు దాటినా జనం దీన్ని మళ్లీ మళ్లీ చూస్తున్నారంటే కారణం అదేనని నా నమ్మకం.

ముందు 1984కి వెళ్దాం. అంతకు కొన్నేళ్ల కిందట కామెరాన్ రోమ్ నగరంలో జ్వరంతో పడి ఉన్నప్పుడు ఒక కల వచ్చింది. మంటల్లోంచి లోహపు అస్థిపంజరం ఒకటి బయటికొస్తోంది. ఆ కలలోంచే ‘ది టెర్మినేటర్’ పుట్టింది. దర్శకత్వం తనకే ఇవ్వాలన్న షరతు మీద కథ హక్కులను నిర్మాత గేల్ ఆన్ హర్డ్‌కు ఒక్క డాలరుకు అమ్మాడు. సుమారు 64 లక్షల డాలర్లతో సినిమా పూర్తయింది. స్కైనెట్ అనే యంత్ర వ్యవస్థ మనుషుల మీద యుద్ధం చేస్తున్న భవిష్యత్తు నుంచి ఒక హంతక యంత్రం వస్తుంది. రేపు మనుషులకు నాయకుడు కాబోయే జాన్ పుట్టకముందే అతని తల్లి సారా కానర్‌ను చంపడం దాని పని. ఆమెను కాపాడడానికి జాన్ పంపిన సైనికుడే జాన్‌కు తండ్రి అవుతాడు. రాసిపెట్టినది జరిగి తీరుతుందని ఆ కథ చెప్పింది. చివర్లో సారా గర్భంతో తుఫాను వైపు కారు నడుపుకుంటూ వెళ్తుంది.

తర్వాత ఏడేళ్లు గడిచాయి. ద్రవలోహంతో చేసిన హంతకుడి ఆలోచన కామెరాన్‌కు మొదటి నుంచీ ఉంది, తీసే సాధనం లేదు. 1989లో ‘ది అబిస్’ కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ మనిషి ముఖాన్ని అనుకరించే నీటి స్తంభాన్ని కంప్యూటర్‌తో సృష్టించాక ధైర్యం వచ్చింది. 1990లో కరోల్కో సంస్థ హక్కులు కొన్నది. ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లకు చేరింది.

ఈ సినిమా పేరు చెప్పగానే అందరూ కంప్యూటర్ బొమ్మల గురించే మాట్లాడతారు. రెండు గంటల పదిహేడు నిమిషాల సినిమాలో అవి సుమారు ఐదు నిమిషాలు. మిగిలిందంతా చేతిపని. తూటా తగలగానే ఆ ద్రవలోహపు హంతకుడు టీ-1000 ఛాతీ మీద వెండి పువ్వులా విచ్చుకునే గాయం స్టాన్ విన్‌స్టన్ బృందం స్ప్రింగులతో తయారుచేసిన వస్తువు. ఒకే మనిషి ఇద్దరుగా కనిపించే చోట నిజంగానే కవలలు నటించారు. సారాగా నటించిన లిండా హామిల్టన్ కవల సోదరి కూడా అలా తెర మీదికి వచ్చింది. టీ-1000 ఇనుప ఊచల్లోంచి జారిపోయేటప్పుడు వినిపించే చప్పుడు సౌండ్ డిజైనర్ గ్యారీ రిడ్‌స్ట్రామ్ పని. డబ్బాలోంచి కుక్కల తిండి జారుతుంటే ఆ చప్పుడును రికార్డు చేశాడు. ఈ చిత్రానికి వచ్చిన నాలుగు ఆస్కార్లలో రెండు శబ్దానికే దక్కడం నాకెంతో సంతోషం.

మొదటి సినిమాలో హంతక యంత్రంగా వచ్చిన ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ ఈసారి పిల్లవాడైన జాన్‌ను కాపాడడానికి వచ్చాడు. ఆ సంగతిని షాపింగ్ మాల్ వెనక నడవలో తుపాకులు పేలేదాకా దాచిపెట్టేలా కథ అల్లారు. కానీ విడుదలకు ముందే ట్రైలర్లు ఆ రహస్యాన్ని బయటపెట్టేశాయి. అయినా ఆ సన్నివేశం చెక్కుచెదరలేదు. ఎందుకంటే మనం దాన్ని పదేళ్ల పిల్లవాడి భయంలోంచి చూస్తాం. వెనక పోలీసు దుస్తుల్లో ఒకడు, ముందు గులాబీల పెట్టెలోంచి తుపాకీ తీస్తున్న భీకరాకారుడు. ఎటు పరిగెత్తాలి? లాస్ ఏంజలెస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను కొడుతున్న వీడియోను ఆ మార్చిలోనే అమెరికా అంతా చూసింది. కొన్ని నెలలకే అదే నగరపు పోలీసు వేషంలో ఒక హంతకుడు తెర మీదికి వచ్చాడు.

కాస్త తర్వాత, సాయం చేయబోయిన మనిషిని యంత్రం చంపబోతే పిల్లవాడు అడ్డుపడతాడు. ఇకపై ఎవరినీ చంపొద్దంటాడు. ఎందుకని యంత్రం అడుగుతుంది. పిల్లవాడి దగ్గర కారణం లేదు, వద్దంటే వద్దంతే. నా లెక్కలో సినిమాకు వెన్నెముక ఇదే. స్కైనెట్‌కు బీజం పడుతున్న సైబర్‌డైన్ సంస్థ భవనం దగ్గర పోలీసుల మీద గుళ్ల వర్షం కురిపించాక యంత్రం కంటి తెర మీద మృతుల సంఖ్య సున్నా అని కనిపిస్తుంది. అంత భారీ యాక్షన్ ఘట్టంలో కథ అడిగింది ఒక్కటే, మాట నిలిచిందా లేదా అని.

ఇంతకంటే గొప్ప ఘట్టం మైల్స్ డైసన్ ఇంట్లో ఉంది. స్కైనెట్‌కు మూలమయ్యే చిప్ మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త అతను. సారా చీకట్లో పొంచి ఉండి, లేజర్ ఎర్రచుక్కను అతని తల వెనక నిలిపింది. అదే క్షణాన అతని కొడుకు ఆడుకుంటున్న రిమోట్ బండి తండ్రి కాలికి తగిలింది. ఏమిటా అని డైసన్ వంగాడు, తూటా పైనుంచి పోయింది. సారా కాలుస్తూ, నీలం వెలుగులో తొణకకుండా నడిచి వస్తుంటే 1984లో తనను వేటాడిన యంత్రం నడకే గుర్తొస్తుంది. చివరికి కొడుకు ముందు తండ్రి నేల మీద పడి ఉంటే ఆమె ట్రిగ్గర్ నొక్కలేక గోడకు చేరగిలబడి కూలిపోయింది. యంత్రం మనిషితనం నేర్చుకుంటున్న గంటల్లోనే మనిషి యంత్రమయ్యే దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఒక్క మాట బోధించకుండా కామెరాన్, సహ రచయిత విలియం విషర్ ఇంత చెప్పారు.

ముగింపు దృశ్యాలను ఫాంటానాలో మూతపడిన కైజర్ ఉక్కు కర్మాగారంలో తీశారు. మొదటి సినిమాలో సారా మీట నొక్కి హైడ్రాలిక్ ప్రెస్ కింద టెర్మినేటర్‌ను నలిపేసింది. ఇక్కడా ఆమే మీట నొక్కుతుంది. అయితే ముందు దానితో చేయి కలుపుతుంది. అది తనంతట తాను చావలేదు కాబట్టి, అది కోరిన మీదటే కరిగిన ఉక్కులోకి దించుతుంది. పని అదే, చేయి అదే, అర్థం మాత్రం పూర్తిగా మారిపోయింది. మొదటి భాగంతో వాదించడమంటే ఇది.

మొదట వేరే ముగింపు కూడా తీశారు. అందులో ముసలి సారా పార్కులో ప్రశాంతంగా కూర్చుని ఉంటుంది, జాన్ సెనేటర్ అవుతాడు. ప్రయోగాత్మక ప్రదర్శన తర్వాత దాన్ని తీసేసి రాత్రి రోడ్డు దృశ్యం పెట్టారు. సరైన పని చేశారు. కథలో 1997 ఆగస్టు 29న స్కైనెట్ తేవాల్సిన ప్రళయం తప్పిందని హామీ ఇచ్చేస్తే ప్రేక్షకుడికి బాధ్యత మిగలదు.

2003, 2009, 2015, 2019లలో మరో నాలుగు చిత్రాలు వచ్చాయి. ప్రళయం ఆగదని మూడో చిత్రమే తేల్చేసింది. ఆ నిర్ణయంతో నేను సమాధానపడలేను. 2019 చిత్రాన్ని కామెరాన్ స్వయంగా నిర్మించినా ఆ పట్టు దొరకలేదు.

కాపాడుకోదగిన సినిమాల అమెరికా జాతీయ జాబితాలోకి మొదటి చిత్రం 2008లో, రెండోది 2023లో చేరాయి. సభలో ఉన్న విద్యార్థులకు ఒక్కటే మనవి. ముక్కలు ముక్కలుగా ఫోన్లో కాకుండా, ఈ రెండు చిత్రాలనూ ఒకే రోజు, 1984ది ముందు పెట్టుకుని పూర్తిగా చూడండి. ఆ తర్వాత నా మాటలతో మీకు పేచీ ఉంటే వచ్చే ఏడాది ఇదే వేదిక మీద చెప్పండి.