కవి దించాడు, విలేకరి చూపించాడు



ప్రభువుల బలం ఉడిగిపోవడాన్ని కవిత్వం ఎలా చెప్పింది, పత్రికలు ఎలా చెప్పాయి అన్నది ఈ పూట విషయం. నేను హైదరాబాదు దాటి వెళ్లను. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దె ఎక్కాడు. 1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక ‘టైమ్’ ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని రాసింది. సొంత నాణెం, సొంత రైలు, సొంత సైన్యం ఉన్న రాజు. దూరం నుంచి చూసిన పత్రికకు ఆ వైభవమే కనబడింది.

దగ్గర ఉన్న కవికి గోడల బీటలు కనబడ్డాయి. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ‘హవేలీ’ అని ఉర్దూలో ఒక కవిత రాశారు. 1944 నాటి ‘సుర్ఖ్ సవేరా’ సంపుటిలో ఉంది. శిథిలమవుతున్న పాత మేడను చూపిస్తూ, కుళ్లిపోయిన దొరల వ్యవస్థను అందులో మన కళ్లముందు నిలబెడతారు.

దాశరథి కృష్ణమాచార్య గారికి ఆ చాటు అక్కర్లేకపోయింది. నిజామును ఏకవచనంలో పిలిచి నిలదీశారు. నిజాం సర్కారు ఖైదు చేస్తే, నిజామాబాదు జైల్లో బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి గారికే తరువాత ‘అగ్నిధార’ పద్యసంపుటిని అంకితమిచ్చారు. ఇక్కడ ఒక్క మాట ప్రత్యేకంగా మనవి చేయాలి. ఉత్పలమాల, శార్దూలం వంటి వృత్తాల్లో మన కవులు వందల ఏళ్లు రాజులను పొగిడారు. రాజులను ఈసడించిన ధూర్జటి వంటివారు తక్కువ. ఆ వృత్తాలతోనే దాశరథి రాజును గద్దె మీంచి దింపారు. జైలు తాళాలు ఇంకా నిజాం చేతిలోనే ఉన్నాయి. పద్యంలో మాత్రం ఆయన పని అప్పటికే అయిపోయింది.

మరి పత్రికలు? సురవరం ప్రతాపరెడ్డి గారి ‘గోలకొండ’ 1926 నుంచి తెలుగువాడికి నోరిచ్చింది. దాని గురించి ఎంతైనా చెప్పవచ్చు. కానీ ఈ రోజు నా మనసు ఉర్దూ పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ దగ్గరే ఆగిపోతోంది.

ఆయన పనిచేసిన ‘రయ్యత్’ పత్రికను నిజాం సర్కారు మూయించింది. 1947 నవంబరులో సొంతంగా ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక పెట్టారు. అప్పటికింకా విడిగా ఉన్న హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని రాశారు. నిజాం రాజ్యం నిలబడాలని ఆయుధాలు పట్టిన రజాకార్ల దౌర్జన్యాలను అచ్చువేశారు. ఆ వార్తలు రోజూ చదివేవాడికి ఏం బోధపడుతుంది? పగ్గాలు ప్రభువు చేతిలో లేవని, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ గుంపు చేతికి వెళ్లాయని. దాశరథి పద్యంలో నిజాం గద్దె దింపవలసిన పీడకుడు. ‘ఇమ్రోజ్’ వార్తల్లో నిజాం తన పేరు మీద జరుగుతున్నదాన్ని ఆపలేని మనిషి. నా దృష్టిలో ఈ రెండో బొమ్మే పాలకవర్గాన్ని ఎక్కువ భయపెట్టింది. పద్యాన్ని కోపం అని కొట్టిపారేయవచ్చు. ఊరు, తేదీ, పేరుతో వచ్చిన వార్తను ఏమనగలరు? పైగా రాసింది దర్బారు భాషలో, రాసినవాడు ముస్లిం. మతం పేరు చెప్పి ఆయన మాట కొట్టేయడానికి వీల్లేదు.

1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక, పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళుతుండగా కాచిగూడ ప్రాంతంలో ఆయనను కాల్చారు, చేయి నరికారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మూడు వారాలు తిరిగేసరికి, సెప్టెంబరు 13న, భారత సైన్యం సరిహద్దు దాటింది. 17న నిజామే రేడియోలో మాట్లాడి పోరు ముగిసిందని చెప్పుకోవలసి వచ్చింది. ఆ తరువాత బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు చేతులు జోడించిన ఆయన ఫోటో పత్రికల్లో వచ్చింది. అధికారం చేతులు మారిందనడానికి ఇంకో వాక్యం అవసరం లేకుండా చేసిన ఫోటో అది.

దాశరథి పద్యాలు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, సభల్లో వింటున్నాం. అది న్యాయం. కానీ షోయబుల్లాఖాన్ రాసిన ఒక్క సంపాదకీయమైనా మనలో ఎంతమంది చదివాం? విగ్రహానికి దండ వేస్తే ఆయన రాతలు మనకు అందవు. ఉర్దూ వచ్చిన మిత్రులకు, పాత్రికేయ విద్య బోధిస్తున్న గురువులకు నా విన్నపం ఇది. ‘ఇమ్రోజ్’ ప్రతులు ఏ ఇంట్లో, ఏ గ్రంథాలయంలో ఉన్నా వెతికి పట్టుకోండి. వాటిని తెలుగు చేయండి. ‘అగ్నిధార’ పక్కన పెట్టి మన పిల్లల చేత చదివించండి.