ఒక పిల్లి, ఒక పడవ, మన జకార్డు అట్టలు
(షోలాపూరులో తలిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



వార్షిక సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షాఫలితములను గూర్చి మాటాడుట ఆచారము. అవి నివేదికలో అచ్చుపడినవి, తీరికగా చదువుకొనగలరు. నేడు నేనొక సినిమాను గూర్చి చెప్పదలచితిని. మీకు నవ్వు రావచ్చును. బడిలో సినిమా మాట ఎత్తిన పిల్లలను మందలించినవాడను నేనే కదా.

గత జూన్ మాసములో ఒక తండ్రి తన కుమారుని బదిలీపత్రము కొరకు వచ్చెను. పవర్ మగ్గము నడుపుకొను మనిషి. “సార్, మావాడికి బొమ్మలంటే పిచ్చి. కంప్యూటరులో బొమ్మల సినిమాలు చేస్తానంటున్నాడు. తెలుగు బడిలో ఉంటే అది రాదంట గదా!” అనెను. నాకు బదులు తోచలేదు. సంతకము చేసి ఇచ్చితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తరువాత ఆ పని యెట్టిదో తెలిసికొనగోరి “ఫ్లో” అను చిత్రమును చూచితిని. అది 2024లో వెలువడినది. దానిని తీసిన గింట్స్ జిల్బలోడిస్ లాత్వియా దేశమువాడు, 1994లో జన్మించినవాడు. 2011 లెక్కల ప్రకారము మన జిల్లా జనసంఖ్య 43 లక్షలు. ఆ దేశపు జనులందరును 19 లక్షలకు మించరు. వారి భాష ఎంత చిన్నదో ఊహింపుడు. ఆ చిత్రములో ఏ భాషయు లేదు. వరదలో లోకము మునిగిపోగా ఒక పిల్లి, ఒక కుక్క, కేపిబరా, లెమూర్ అను రెండు జంతువులు, ఒక పెద్ద పక్షి ఒకే పడవలో ప్రయాణము చేయును. ఒక్క మాట వినబడదు. 2025 మార్చిలో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కార్ బహుమానము లభించినది. ఆ దేశమునకు అదియే మొదటి ఆస్కార్.

ఆ బొమ్మ యెట్లు కదలును? ఇది మీకు చెప్పుట సులభము. మీ చేతిలోని విద్యయే కనుక. జకార్డు చద్దరుపై నెమలి రావలెనన్న, నక్షా వేయువాడు గ్రాఫు కాగితముపై గడులు నింపును. ఆ గడులను బట్టి అట్టలు కొట్టుదురు. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. తెరమీది బొమ్మయు గడులే. ఇండ్లలో సాధారణముగానుండు హెచ్.డి. టెలివిజన్‌లో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 గడులు. వెరసి 20 లక్షలకు పైబడినవి. సెకనుకు 24 బొమ్మల చొప్పున ఆ చిత్రమునకు లక్షా 20 వేల బొమ్మలు మించి కావలెను.

అన్ని గడులను మనుష్యుడు నింపగలడా? నింపడు. ఇక్కడనే మన నక్షాకును దానికిని భేదము. చిత్రకారుడు పిల్లిని ఒక్కసారి నిండు బొమ్మగా చేయును. మొదట తీగెల చట్రము వంటిది, దానిలోపల ఎముకల వంటివి, పైన చర్మము, రంగు. పిమ్మట ఏ క్షణమున ఏ కాలు ఎచ్చట నుండవలెనో నిర్ణయించును. దీపము ఎటనుండి పడవలెనో చెప్పును. గడులు నింపు లెక్క యంత్రముది. పిల్లి వెనుకకు జంకుట, తోక విదలించుట మాత్రము యంత్రము నేర్పినవి కావు. నిజమైన జంతువులను చూచి చూచి, ఫ్రాన్స్, బెల్జియం దేశములలోని కళాకారులు చేతితో కూర్చినవి. చూచుటయే ఆ విద్యలో సగమని నాకు తోచినది.

ఈ చిత్రమునకు అయిదున్నర సంవత్సరములు పట్టినది. దానికి ముందు 2019లో వెలువడిన “అవే” అను 75 నిమిషముల చిత్రమును ఆయన ఒక్కడే, సంగీతముతో సహా, మూడున్నర సంవత్సరములలో చేసెను. సంగీతమున శాస్త్రోక్తమైన శిక్షణ ఆయనకు లేదు. “ఫ్లో”కు కథ వ్రాయుచుండగనే స్వరములు కట్టసాగెను. అవి దాదాపు ఏడు గంటల నిడివి. పిదప రిహార్డ్స్ జల్యుపే అను సంగీతకారుడు తోడై వానికి మెరుగు పెట్టెను. మన సినిమాలలో తరచుగా బొమ్మ సిద్ధమైన పిమ్మట నేపథ్యసంగీతము కూర్చుదురు. ఇచ్చట రాగమే ముందుగా పుట్టి, దృశ్యమునకు దారి చూపినది.

ధ్వనుల ముచ్చట మరియు వినోదకరము. జంతువుల అరుపులు నిజమైన జంతువులవే. కాని కేపిబరా గొంతు కీచుగా నుండి ఆ నిదానపు ప్రాణికి పొసగలేదట. అందుచేత ఒంటెపిల్ల అరుపును దానికి పెట్టిరి! మన పిల్లలు చేయదలచినచో మగ్గముల చప్పుడు రాత్రింబవళ్లు వాకిటనే యున్నది.

ఆ చిత్రము చేసిన సాధనము పేరు బ్లెండర్. అది ఉచితము. 2002లో లోకమందలి జనులు ఏడు వారములలో లక్ష యూరోల చందా పోగుచేసి దానిని అందరి సొత్తుగా విడిపించిరి. తుది బొమ్మలను తీయుటకు వేల యంత్రముల శాల అక్కరలేకపోయినది. దర్శకుని సొంత కంప్యూటరే చాలినది. దానిలోని ఆజ్ఞలు ప్రధానముగా ఇంగ్లీషున నుండునను మాట మీయొద్ద దాచను. ఆ రెండు మూడు వందల మాటలు మేము నేర్పగలము. మొదటి పాఠము గ్రాఫు కాగితముపై తెలుగులోనే మొదలగును. వచ్చు శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు మన రెండు కంప్యూటర్ల గదిలో ప్రారంభింతుము. ఇంట పాత నక్షా కాగితములున్న పంపుడు.

ఇక నాది యొక తప్పు. ఆ బాలుడు ఏడవ తరగతిలో నుండగా లెక్కల నోటుబుక్కు అంచులలో, పుటకొక్కటిగా, ఎగురు పావురమును గీసెను. పుటలు చకచక త్రిప్పిన రెక్కలాడించును. చదువు పాడగుచున్నదని నేను దానిని లాగుకొని బీరువాలో పెట్టితిని. సెకనుకు 24 బొమ్మల సంగతి చదివిన దినమున దానిని తీసి త్రిప్పి చూచితిని. పావురము చక్కగా ఎగిరినది.

ఆ తండ్రి ఈ సభలో వెనుక వరుసను కూర్చుండుట చూచితిని. సభ ముగిసిన వెనుక నా గదికి రావలెను. నోటుబుక్కు బల్లమీద పెట్టియుంచితిని.