ఎండతో సముద్రం దాటగలమా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పయ్యేళ్లు ఓడల ఇంజన్ గదుల్లో పనిచేసినవాణ్ని కనుక, ఊరికి ఎప్పుడొచ్చినా మన బడి పిల్లలు ఒకటే అడుగుతారు: "మాస్టారూ, ఓడలకు సోలార్ పలకలు పెట్టొచ్చుగా, ఇంకా డీజిల్ ఎందుకు?" దానికి ఈరోజు లెక్కతో సహా జవాబు చెబుతాను.

ఎండతో సముద్రం దాటడం ఇప్పటికే జరిగిన పని. 2007లో స్విట్జర్లాండ్ వాళ్ల 'సన్ 21' పడవ అట్లాంటిక్ దాటింది. తర్వాత 'ప్లానెట్ సోలార్' అనే ఓడ 2010 సెప్టెంబరులో మొనాకోలో బయల్దేరి, భూగోళం చుట్టి, 2012 మేలో అక్కడికే తిరిగి వచ్చింది. 584 రోజుల ప్రయాణం!

ఆ ఓడ మీద 537 చదరపు మీటర్ల పలకలున్నాయి. మంచి ఎండలో 93 కిలోవాట్లు వస్తాయి. రాత్రి, మబ్బు కలుపుకొని ఇరవై నాలుగు గంటలకూ సర్దితే మిగిలేది సుమారు 20 కిలోవాట్లు. చిన్న కారు ఇంజనుకు అంతకు రెట్టింపు శక్తి ఉంటుంది. అందుకే ఓడ సగటు వేగం ఐదు నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్లు. సైకిల్ మీద వెళ్లేవాడు దాన్ని దాటిపోతాడు. పోనీ వేగం పెంచుదామంటే, నీటిలో వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి.

ఇక సరుకు ఓడ సంగతి. 400 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న కంటెయినర్ ఓడ పైభాగమంతా పలకలు పరిచినా, సగటున వచ్చేది వెయ్యి కిలోవాట్ల చిల్లర. దానికి కావలసింది పదుల వేల కిలోవాట్లు. కనుక గడువులోగా సరుకు చేర్చే ఓడను ఎండ ఒక్కటే నడపలేదు.

అయితే ఎండకు తగిన నీళ్లు వేరే ఉన్నాయి. కేరళలో వైక్కం, తవణక్కడవు రేవుల మధ్య 2017 జనవరి నుంచి 'ఆదిత్య' సోలార్ పడవ తిరుగుతోంది. 75 మంది ఎక్కుతారు. దూరం తక్కువ, తొందర లేదు, గట్టు మీద ఛార్జింగుకు వీలుంది. సముద్రంలో ఇబ్బంది పెట్టినవన్నీ అక్కడ కలిసొచ్చాయి.

మన లంకల పిల్లలు నేటికీ గోదావరి దాటే బడికి వస్తున్నారు. రేవులో డీజిల్ పొగ పీల్చేదీ వాళ్లే. మన రేవుకు సోలార్ పడవ సరిపోతుందా? కేరళ కాయలు నిలకడ నీరు. మన గోదావరికి వరద ఉంది. ఎదురు ప్రవాహానికి ఎంత శక్తి కావాలో ముందు తేలాలి. రేవు నుంచి రేవుకు దూరమెంత, రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఎన్ని లీటర్ల డీజిల్, ఏ నెలలో ప్రవాహమెంత — ఈ నాలుగూ పదో తరగతి పిల్లలు ఏడాదిపాటు రాసిపెడితే, మనలోని ఇంజనీర్లు మిగతా లెక్క తేల్చగలరు. ఆ పుస్తకం మొదటి పేజీ ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలోనే రాయించమని సంఘాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.