పొలంలో పనికొచ్చే వార్త
(స్వర్ణోత్సవాల సందర్భంగా వ్యవసాయ కళాశాల విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

  పత్రికల్లో వ్యవసాయ పేజీలు చూసినవాణ్ని కాబట్టి జర్నలిజం మూలసూత్రాలు చెప్పమన్నారు. అరగంట కంటే ఎక్కువ తీసుకోను.

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలు మీ పాఠంలో ఉన్నవే. వ్యవసాయ వార్తకు ఏడోది ఒకటుంది: ఎంత? రైతుకు నష్టం జరిగేది ఎక్కువగా ఇక్కడే. రసం పీల్చే పురుగుకు ఒక మందు లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు కలపాలని శాస్త్రవేత్త చెప్పారనుకోండి. అచ్చులో ఆ చుక్క ఎగిరిపోతే అది 3 అవుతుంది, అంటే పది రెట్లు. సినిమా వార్తలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తే సరిపోతుంది. ఇక్కడ సవరణ వచ్చేలోపు రైతు మందు కొట్టేసి ఉంటాడు, ఆ గాలి పీల్చేసి ఉంటాడు.

చుక్క సరిగ్గా పడినా పని పూర్తి కాదు. రైతు దగ్గర కొలత గ్లాసు ఉండదు. ‘డబ్బాకు రెండు మూతలు’ అన్నది ఆయన లెక్క. అందుకని 16 లీటర్ల డబ్బాకు సుమారు 5 మిల్లీలీటర్లు అని మీరే లెక్కగట్టి రాయండి. సీసా మూతలన్నీ ఒకే సైజులో ఉండవని కూడా రాయండి. సులభంగా రాయడమంటే చిన్న చిన్న మాటలు వాడటమే అనుకుంటారు చాలామంది. చదివేవాడి చేతిలో ఏ పనిముట్టు ఉందో తెలిసి రాయడమే సులభంగా రాయడం.

మాట కూడా కొలతలాంటిదే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ‘ఈ పత్తికి పురుగు పట్టదు’ అన్న మాట ఊళ్లలో బాగా తిరిగింది. నిజానికి అది కాయతొలుచు పురుగులను తట్టుకోవడానికి వచ్చిన పత్తి. పచ్చదోమ, తెల్లదోమలకు దానితో సంబంధం లేదు. తర్వాతి ఏళ్లలో గులాబీ రంగు పురుగు బీటీకి కూడా అలవాటు పడింది. ఏ పురుగు, ఏ దశలో, ఎన్నాళ్లు అని అడగని వార్త, విత్తనాల సంచి మీది ప్రకటన రెండూ ఒకటే.

ధరల సంగతి చూడండి. మార్కెట్ పట్టీలో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలని మూడుంటాయి. ఎక్కువ సరుకు అమ్ముడుపోయినది మోడల్ ధరకు. కానీ శీర్షికకు ఎక్కేది గరిష్ఠ ధరే. ఏదో ఒక్క లాట్‌కు పలికిన ఆ ధర చూసి మర్నాడు పది ఊళ్ల వాళ్లు బండ్లు కడతారు. సరుకు ఒక్కసారే వచ్చి పడితే ధర ఏమవుతుందో మీకు చెప్పాలా?

ఇక మన శంషాబాద్. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. దాని కింద ఉన్నది సుమారు 5,500 ఎకరాలు. ఇవాళ పేపర్లో ‘శంషాబాద్’ అని కనిపిస్తే చాలు, చదివేవాళ్లకు కిలోల బంగారం పట్టుబడిందేమో అనిపిస్తుంది! కూరగాయలు పండించే మనిషి ఈ పేరు కింద కనిపించడం అరుదైపోయింది.

అంతకుముందే 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు నీరు చేరే 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. మన చుట్టుపక్కల ఊళ్లు కొన్ని అందులో ఉన్నాయి. దాన్ని ఎత్తివేస్తారన్న మాట వచ్చినప్పుడల్లా ‘రైతుల హర్షం’ అని శీర్షిక పడుతుంది. ఏ రైతులు? పట్టా ఉన్నాయన భూమికి ధర వస్తుందని సంతోషించవచ్చు. అందులో తప్పు లేదు, ఇన్నేళ్లు ఆయన భూమి ధర పక్క ఊరితో సమానంగా పెరగలేదు. అదే చేను కౌలుకు చేసేవాడి సంగతి? ప్లాటింగ్ రాళ్లు పడ్డ రోజున ఆయన పంట పోతుంది. పత్రాల్లో పేరు ఉండదు కాబట్టి వార్తలోనూ ఉండదు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు కూడా కౌలుదారుకు అందులో చోటు దొరకలేదు. రెండు పక్షాలూ రాయాలని మీకు చెబుతారు. నన్నడిగితే, మూడో పక్షం గట్టు మీద కూర్చుని ఉంటుంది, వెళ్లి పలకరించాలి. జలాశయాల నీళ్లు తాగే నగరవాసిది నాలుగో పక్షం.

ప్రకటనను ప్రకటన అని చెప్పడం ఇప్పుడు మరీ అవసరం. శ్రీగంధం మొక్కలతో ఫామ్‌ల్యాండ్ ప్లాట్లు అంటారు, ఎకరాకు లక్షల లాభమని యూట్యూబ్‌లో వీడియోలు పెడతారు. ఎన్ని ఎకరాలు, పెట్టుబడి ఎంత, పంట కొన్నదెవరు, ఈ వీడియో చేసినాయన మొక్కలు అమ్ముతాడా? ఈ నాలుగూ అడిగితే సగం వీడియోలు నిలబడవు.

ఈ పనికి మన దగ్గర మంచి వారసత్వమే ఉంది. ‘అన్నదాత’ మాసపత్రిక 1969లో వచ్చింది, ‘ఈనాడు’ దినపత్రిక 1974లో. అంటే రామోజీరావు గారు ముందు మొదలుపెట్టింది రైతు పత్రికే. రేడియోలో రైతు కార్యక్రమాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. వాటిని ఇంటిల్లిపాదీ వినేవాళ్లు, చదువు రాని వాళ్లతో సహా. ఫోన్లో మాట్లాడే మీరు ఆ రేడియో భాష ఒకసారి వినండి. చిన్న వాక్యం, ఊరి మాట, ముఖ్యమైన అంకె రెండుసార్లు.

నాలుగో సంవత్సరంలో మీరు గ్రామాల్లో ఉంటారు కదా. అక్కడ ఒక పని చేయండి. ఒక పంట సమస్య మీద నూటయాభై మాటల్లో వార్త రాసి, మీరున్న ఇంటి రైతుకు చదివి వినిపించండి. ‘అర్థమైందా?’ అని అడగకండి, మర్యాదకు అయ్యిందనే అంటారు. ‘రేపు పొద్దున్నే ఏం చేస్తారు పెద్దనాయనా?’ అని అడగండి. ఆయన చెప్పినదీ మీరు రాసినదీ ఒకటి కాకపోతే మళ్లీ రాయండి. ఆ రెండు కాగితాలూ నాకు పంపితే చదివి, దిద్ది తిరిగి పంపుతాను.