ఐ.పి. పెట్టిన కార్ల కంపెనీ కోలుకుంటుందా?



మన ఊళ్ళలో ఫలానావాడు ఐ.పి. పెట్టాడంటే దుకాణం మూసేశాడనే అర్థం. అమెరికా దివాలా చట్టంలోని 11వ అధ్యాయం అలా కాదు. అప్పులవాళ్ళను కోర్టు ఆపుతుంది, వ్యాపారం నడుస్తూనే బాకీలు తేలతాయి.

జనరల్ మోటార్స్ 2009 జూన్ 1న ఆ పిటీషను వేసి, జూలై 10కల్లా కొత్త కంపెనీగా బయటపడింది. ఊరికే కాదు. ప్రభుత్వం సుమారు 4,950 కోట్ల డాలర్లు పోసింది. అందులో వెయ్యి కోట్లకు పైగా తిరిగి రాలేదు. పాత వాటాదార్లకు చిల్లిగవ్వ దక్కలేదు. పాంటియాక్ కారు కనుమరుగైంది.

సరే, కంపెనీ బతికింది. మరి రిటైరైనవాళ్ళు? 1999లో దాన్నుంచి విడిపోయిన విడిభాగాల సంస్థ డెల్ఫీ 2005లోనే దివాలా తీసింది. 2009లో దాని పెన్షన్లను ప్రభుత్వ బీమా సంస్థ చేపట్టి, చట్టపు పరిమితి మేరకే ఇచ్చింది. ప్రధాన యూనియన్ల కార్మికులకు తగ్గిన మొత్తాన్ని జనరల్ మోటార్స్ భర్తీ చేసింది. యూనియన్ లేని నెలజీతగాళ్ళకు, అంటే మనబోటి ఆఫీసువాళ్ళకు, ఆ భర్తీ లేదు. వారు ఏళ్ళ తరబడి పోరాడినా, 2022లో సుప్రీంకోర్టు వారి కేసును విచారణకే తీసుకోలేదు.

కనుక దివాలాతో కంపెనీ కోలుకోవచ్చు, అందులో పనిచేసినవాళ్ళందరూ కోలుకోరు. మన సంఘం చందా బకాయి పెట్టకండని మనవి. సెలవు.