ఎంగడీను లోయ: సరస్సులు, పల్లెలు, ఒక చిన్న భాష

(సంఘ సమావేశమునందు చేసిన ఉపన్యాస పాఠము)



స్విట్జర్లండు అనగానే మనవారికి గడియారములు, చాకొలెట్లు, మంచుకొండలు జ్ఞప్తికి వచ్చును. ఆ దేశమునకు పోయినవారిలో పెక్కుమంది జ్యూరిచ్ నగరమును, లూసర్న్ సరస్సును, యుంగ్‌ఫ్రౌ శిఖరప్రాంతమును చూచి తిరిగి వత్తురు. నేను ఈ సాయంకాలము చెప్పదలచినది ఆ దేశపు ఆగ్నేయమూలనున్న ఎంగడీను లోయను గురించి. అందు సరస్సులున్నవి, కొండలున్నవి, మూడునాలుగు వందల యేండ్లనాటి యిండ్లుగల పల్లెలున్నవి. వీటితోపాటు, ఆ రాష్ట్రపు ఎల్లలు దాటిన వినరాని భాష యొకటి యున్నది. ఇంటిలో ఒక భాష, వీధిలో వేరొక భాష మాటలాడుచు తరతరములుగా కాపురము చేయుచున్న మనబోటి కుటుంబములవారు తప్పక చూడవలసిన చోటు అది.

మొదట లోయ స్వరూపము. ఎంగడీను గ్రౌబుండెన్ అను రాష్ట్రములోనిది. ఇన్ అను నది పేరునుండియే లోయకు ఆ పేరు కలిగినది. ఆ నది మలోయా కనుమ పైనున్న కొండలలో పుట్టి, ఈశాన్యముగా పారి, ఆస్ట్రియాను దాటి, జర్మనీలోని పసౌ పట్టణమువద్ద డాన్యూబు నదిలో కలియును. మలోయాకు ఎగువను, 2,645 మీటర్ల ఎత్తున, లుంఘిన్ అను కనుమ గలదు. అచ్చట కురిసిన వాన మూడు త్రోవలు పట్టును. ఒక పాలు డాన్యూబు వెంట నల్లసముద్రమునకు, ఒక పాలు రైన్ నది వెంట ఉత్తరసముద్రమునకు, ఒక పాలు పో నది వెంట ఆడ్రియాటిక్ సముద్రమునకు పోవును. ఐరోపా ఖండమున ఇట్టి తావులు అరుదు.

లోయ పైభాగమున, సుమారు 1,800 మీటర్ల ఎత్తున, సిల్స్, సిల్వప్లానా, షాంఫేర్, సెంట్ మోరిట్స్ అను నాలుగు సరస్సులు వరుసగా నున్నవి. మన ఉదకమండలము ఇంతకంటె ఎత్తయినదే. అయినను ఎంగడీను సరస్సులు శీతకాలమున గడ్డకట్టి, మనుష్యులు నడచిపోవుటకు తగినంత గట్టిపడును. 1969 మొదలు ఏటేట జరుగుచున్న మంచుజారుడు పందెమున వేలకొలది జనులు మలోయానుండి ఆ గడ్డకట్టిన సరస్సులమీదుగానే 42 కిలోమీటర్లు పోవుదురు. వేసవిలోని వింత గాలి. సామాన్యముగా కొండలోయలలో పగటిగాలి దిగువనుండి ఎగువకు వీచును. ఇచ్చట మాత్రము మధ్యాహ్నమయ్యెనా, మలోయా కనుమను దాటి వచ్చిన గాలి ఎగువనుండి దిగువకు వీచి, అద్దమువలె నున్న నీటిని అలలపాలు చేయును.

ఈ సరస్సులు దైవికముగా నిలిచినవి మాత్రమే కావు, మనుష్యులు నిలుపుకొన్నవి. సిల్స్ సరస్సు నీటితో విద్యుత్తు తీయవలెనని ఒకప్పుడు గట్టి యత్నము జరిగెను. గ్రామములకు అందువలన రాబడి గలదు. వట్టిమాటలతో దానిని వదలుకొనుమని వారికి చెప్పుట న్యాయము కాదు. అందుచే 1946లో ప్రకృతిరక్షణ సంఘమువారును, పురాతనకట్టడముల రక్షణసంఘమువారును కలిసి, బంగారురంగు కాగితము చుట్టిన చాకొలెట్ నాణెములను దేశమంతట అమ్మించి, ఆ సొమ్ముతో గ్రామములకు నష్టపరిహారమిచ్చి సరస్సును కాపాడిరి. నాడు ఆరంభమైన నాణెముల విక్రయము తరువాత ఏటేటి ఆచారమైనది.

లోయకు పోవుటకు చక్కని మార్గము రైలుమార్గము. కూర్ నగరమున ఎక్కినచో, చిన్నపట్టాల రైలు ఆల్బులా కొండలను మెలికలు తిరిగి ఎక్కును. 65 మీటర్ల ఎత్తైన లాండ్‌వాసర్ వంతెనమీద వంపు తిరుగుచు, తిన్నగా ఎదుటి కొండచరియలోని సొరంగమున దూరును. ఈ శతాబ్దారంభమున కాదు, 1903లో తెరచిన మార్గమిది. 2008లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వములలో చేర్చిరి.

సమేదన్ వద్ద బండి మారి, నదివెంట దిగువకు పోయిన, గ్వార్దా అను పల్లెకు చేరవచ్చును. స్టేషను క్రిందనున్నది; పల్లె 1,653 మీటర్ల ఎత్తున మెట్టమీద నున్నది. 1622లో ఆస్ట్రియా సైన్యములు దిగువ ఎంగడీనులోని పల్లెలను తగులబెట్టగా, పిమ్మట జనులు మరల కట్టుకొన్న యిండ్లే నేడు మనము చూచునవి. గోడలు రాతివి, మిక్కిలి మందమైనవి. కిటికీలు బయట వెడల్పుగను లోపల ఇరుకుగను ఉండి, వెలుతురును లోనికి రానిచ్చి చలిని ఆపును. పెద్ద ద్వారము తెరచిన, ఎండుగడ్డి బండి సాగిపోవునంతటి నడవ. దానిని 'సులేర్' అందురు. నడవ వెనుక గడ్డికొట్టము, ప్రక్కను దేవదారుజాతి చెక్కతో నలువైపుల తాపిన వెచ్చని గది. మన పాత మండువా యిండ్లవలెనే, మనుష్యులును పశువులును ధాన్యమును ఒక కప్పుక్రింద నుండు ఏర్పాటు.

గోడలమీది అలంకారము చూడదగినది. ముందు ముదురురంగు గచ్చు పూసి, దానిపై సున్నము పూసి, తడి ఆరకమునుపే ఇనుపమొనతో గీరుదురు. తెల్లని సున్నము లేచి, అడుగునున్న ముదురురంగు బయటపడి బొమ్మ యేర్పడును. పూలు, చేపలు, సూర్యబింబములు. వాటినడుమ కట్టిన సంవత్సరము, ఒక నీతివాక్యము. ఆ వాక్యములు పెక్కింట రోమాన్ష్ భాషలో నున్నవి. దారిన పోవువాడు గోడను చదువుకొనుచు పోవచ్చును.

ఇక ఆ భాష. క్రీస్తుపూర్వము 15వ సంవత్సరమున రోమనులు ఆ కొండసీమను జయించిరి. వారి సైనికులు మాటలాడిన లాటినును స్థానికుల పలుకును కలిసి రోమాన్ష్ అయినది. ఇల్లు 'ఖాసా'యో 'చాసా'యో అగును, లోయ 'వాల్', సరస్సు 'లేయ్'. ఎంగడీనులో ఎదురుపడినవారు 'అల్లేగ్రా' అందురు. సంతోషముగా నుండుమని దాని భావము. 1464లో కూర్ నగరము తగులబడినప్పుడు, దానిని మరల కట్టుటకు వచ్చిన జర్మను పనివారు అచ్చటనే నిలిచిపోగా, రాజధాని క్రమముగా జర్మను నగరమైనది. కొండలలోని పల్లెలకు తమదని చెప్పుకొన పట్టణము లేకపోయెను. అయినను 1560లో సమేదన్ గ్రామస్థుడైన యాకియాం బిఫ్రూన్ క్రొత్తనిబంధనను తన ఊరి పలుకులోనికి తెచ్చి అచ్చువేయించెను. వ్రాతకు పనికిరాదనుకొన్న పలుకు గ్రంథభాష యయ్యెను.

ఆ లోయ బీదది. అందుచే యువకులు వలసపోయి వెనిస్ మొదలైన నగరములలో మిఠాయి అంగళ్లు పెట్టిరి. 1766లో వెనిస్ ప్రభుత్వము వారి హక్కులు రద్దుచేసి వెడలగొట్టగా, వారు ఐరోపా నలుమూలల చెదరిరి. వేసవిలో స్వగ్రామమునకు వచ్చిపోవు వారిని ఊరివారు 'రందులిన్స్' అందురు. అనగా వానకోయిలలవంటి ఆ చిన్న వలసపిట్టలు. పరదేశములలో గడించిన ధనముతో వారు కట్టిన మేడలు నేటికిని పల్లెలలో నిలిచియున్నవి. అచ్చట ప్రసిద్ధమైన అక్రోటు మిఠాయిని గూర్చియు ఒక మాట: ఆ ఎత్తులో అక్రోటు చెట్లు పెరుగవు. ఆ రుచి వలసపోయినవారు వెంట తెచ్చినది.

భాషకు పెద్దదెబ్బ వలసవలన కాదు, ఐశ్వర్యమువలన తగిలినది. 19వ శతాబ్దమునందు సెంట్ మోరిట్స్ గొప్ప విహారస్థలమైనది. 1928లోను 1948లోను శీతకాలపు ఒలింపిక్ క్రీడలు అచ్చట జరిగినవి. శతాబ్దము నడుమ ఊరంతయు రోమాన్ష్ మాటలాడినది; 1880 నాటికే అది సుమారు సగముమందికి దిగినది. ఎవరును నిషేధించలేదు. అతిథులతో మాటలాడుటకు జర్మను కావలసివచ్చెను. పనికి వచ్చినవారు జర్మను తెచ్చిరి. పిల్లలకు ఏది లాభమో తల్లిదండ్రులు లెక్కవేసిరి. అంతియే. భాష ఇట్లే పోవును.

కొందరు ఊరకుండలేదు. 1919లో రోమాన్ష్ సంఘములన్నియు కలిసి 'లియా రుమాంచా' అను సమాఖ్య యేర్పడినది. రోమాన్ష్ ఇటాలియను యాసయే యని ఇటలీలో కొందరు వాదించుచున్న కాలమున, 1938 ఫిబ్రవరి 20న, దేశప్రజలు నూటికి 90కి పైగా వోట్లతో దానిని నాలుగవ జాతీయభాషగా అంగీకరించిరి. జర్మను, ఫ్రెంచి మాటలాడువారు ఈ చిన్నభాష కొరకు వోటువేయుట గమనింపవలెను. 1943లో సమాడెన్ అను అధికారనామము మరల సమేదన్ అయినది. షుల్స్ అను పేరుప్రక్క ష్క్వోల్ అను స్వంతపేరు చేరినది. 1996లో సమాఖ్య ప్రభుత్వముతో ఆ భాషలోనే వ్యవహరించు హక్కు లభించినది. గ్రౌబుండెన్ చట్టమును బట్టి, స్థానికభాషీయులు నూటికి 40కి తగ్గని గ్రామమున ఆ భాషయే అధికారభాష. 20కి తగ్గనిచోట అది రెండింటిలో ఒకటి. పల్లెబడిలో పిల్లలు ముందు రోమాన్ష్ నేర్చి, పిమ్మట జర్మను నేర్తురు, పెద్దలందరును రెండుభాషలవారే.

చట్టముకంటె ఎక్కువ పనిచేసినది ఒక పిల్లల పుస్తకమేమో. 1945లో సెలీనా ఖ్యోంత్స్ 'ఊర్సిన్' అను బొమ్మల కథ వ్రాసెను. బొమ్మలు అలోయిస్ కారిజే వేసెను. మార్చి 1వ తేదీన పిల్లలు గంటలు మ్రోగించుచు శీతకాలమును తరుము పండుగ గలదు. అందరికంటె చిన్న గంట దొరికిన బాలుడు పెద్దగంటకై మంచులో ఒంటరిగా కొండయెక్కుట ఆ కథ. కథలోని యిల్లు గ్వార్దా యిల్లే. రచయిత్రి భర్తయైన శిల్పి యాఖెన్ ఉల్రిక్ క్యోంత్స్ ఆ పల్లె యిండ్ల పునరుద్ధరణకు నాయకుడు. ఒకరు గోడలు నిలిపిరి, ఒకరు ఆ గోడలనడుమ వినిపింపవలసిన మాట నిలిపిరి.

అయినను స్థితి సులభము కాదు. 2000 జనగణనలో రోమాన్ష్ తమ ముఖ్యభాష యన్నవారు 35 వేలు. ఇంటనో పనిలోనో వాడువారందరును కలిసి సుమారు 60 వేలు. ఇంత చిన్నభాషకు ఐదు వ్రాతరూపములు! అందుచే 1982లో హైన్రిక్ ష్మిడ్ అను పండితుడు అన్నింటికి ఉమ్మడిరూపము కల్పించెను. ప్రభుత్వపత్రములకు అది ఉపకరించినది. కాని 2007 మొదలు దానిని బడులలో పెట్టినప్పుడు తల్లిదండ్రులు ఎదురుతిరిగిరి. తాతయవ్వల పలుకు తప్పు, పుస్తకపు పలుకు ఒప్పు అని పిల్లలు అనుకొనిన, ఇంట భాష నిలుచునా యని వారడిగిరి. 2011లో రాష్ట్రసభ పాఠ్యపుస్తకములను మరల ఐదురూపములలో అచ్చువేయ నిశ్చయించినది.

సభ్యులారా, ఈ ప్రశ్న మనకు క్రొత్తదికాదు. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము మాతృభాషలో ప్రాథమికవిద్యకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగమున నున్నది; దానికై ప్రయత్నించుట సంఘము పని. కాని హోసూరులోనో మధురలోనో బళ్లారిలోనో మన యిండ్లలో పలుకు తెలుగు పుస్తకపు తెలుగు కాదు. పిల్లవాడు నోరు విప్పగానే 'అది తెలుగు కాదు' అని బంధువులు నవ్వినచో, వాడు మరునాటినుండి వేరొకభాషలో మాటలాడును. ఆ నవ్వు మానుటకు చట్టము అక్కరలేదు. ముందు ఇంటిపలుకు, దానిమీద పుస్తకపుపలుకు: ఎంగడీను తల్లిదండ్రులు పట్టుపట్టి నిలుపుకొన్న వరుస ఇదియే.

ఇపుడు మన పిల్లలు పలువురు ఉద్యోగరీత్యా ఐరోపాలో నున్నారు. వారిని చూడబోవు పెద్దలు రెండుదినములు ఎంగడీనుకు కేటాయింపుడు. అక్టోబరు మంచిది, లార్చి చెట్ల ఆకులు బంగారువన్నె తిరిగియుండును, జనసమ్మర్దము తక్కువ. ఒకదినము సరస్సుల ఒడ్డున నడువుడు. ఒకదినము గ్వార్దాలో గోడలు చదువుడు. ఎదురైనవారిని 'అల్లేగ్రా' యని పలుకరింపుడు. తమ భాషలో ఒక్కమాట పరదేశి నోట విన్నచో వారెంత సంతోషింతురో, మన సంగతి యెరిగిన మీకు వేరుగా చెప్పనక్కరలేదు.